ఇసుక నేర్పిన కాలు

బిదియా ఎడారి ఇసుక తిన్నెల్లో బండి దిగబడితే మగవాళ్లు ముందు చక్రాల చుట్టూ చేతులతో తవ్వుతారు. తర్వాత ఒకళ్లనొకళ్లు తిట్టుకుంటారు. ఆ తర్వాత గుబైషాకి కబురు పెడతారు. ఆవిడ తన పాత తెల్ల పికప్‌లో వస్తుంది. మొహానికి బురఖా తొడుగు, చేతులకు వెండి కడియాలు, కాళ్లకు చెప్పులుండవు. దిగి బండి చుట్టూ ఒకసారి తిరుగుతుంది. టైర్లు ఇసుక మీద పరుచుకునేలా గాలి ఇంకొంచెం వదిలేస్తుంది. లోపలున్నవాణ్ణి దింపి తానెక్కి, వెనక్కీ ముందుకీ ఊయలలా ఊపి, ఉన్నట్టుండి బయటికి లాక్కొస్తుంది.

"బ్రేకు తొక్కావు కదూ?" అని అప్పుడు అడుగుతుంది. లేదని ఎవడూ బొంకలేడు. చక్రాల ముందు పేరుకున్న ఇసుకే సాక్ష్యం చెబుతుంది.

"ఇసకలో బ్రేకు తొక్కినవాడు తన గొయ్యి తానే తవ్వుకుంటాడురా. బండి ముక్కు దిగిందా, ఎక్సలేటర్ మీద కాలు దించు. జారిందా, జారేవైపే తిప్పి ఇంకా దించు. ఆగాలంటే కాలు తీసెయ్, ఇసకే ఆపుతుంది."

ఈ మాటలు ఆవిడవి కావు, మామగారివి. పెళ్లయిన ఏడాదే భర్త మత్తర్ సైన్యంలో చేరి దూరాన ఉన్న సలాలా వెళ్లిపోతే, మేకలకూ ఒంటెలకూ నీళ్లు మోసే పని కొత్త కోడలి మీద పడింది. మామగారు పక్కన కూర్చుని, కాలు బ్రేకు వైపు కదిలిన ప్రతిసారీ ఒంటె కర్రతో పిక్క మీద ఒకటి ఇచ్చేవాడు. ఆ వేసవి అంతా పిక్క కమిలిపోయి ఉండేది. వేసవి గడిచేసరికి కాలు ఆ వైపు పోవడం మానేసింది. తర్వాత గుబైషా ఆ చుట్టుపక్కల గుడారాల పిల్లలకు అలాగే నేర్పింది. కర్ర బదులు ఖర్జూరపు మట్ట వాడేది, అంతే తేడా.

తారురోడ్డు మీద మాత్రం ఆవిడ ఎన్నడూ బండి తోలలేదు. లైసెన్సు లేదు. ఇసుకలో ఆ సంగతి అడిగేవాళ్లూ లేరు. తిన్నెలు ఆగిపోయి తారు మొదలయ్యే చోట ఒక టైర్ల కొట్టు ఉంది. ఊళ్లోకి పోయేవాళ్లు అక్కడ గాలి పట్టించుకుంటారు, ఇసుకలోకి వచ్చేవాళ్లు అక్కడే గాలి వదులుకుంటారు. గుబైషా బండి ఆ కొట్టు దాటి తారెక్కదు.

ఆవిడ దగ్గర నేర్చుకున్న పిల్లల్లో చురుకైనవాడు పక్క గుడారాల మయ్యాసా కొడుకు ముహాద్. నిరుడు చలికాలం సూర్ రోడ్డు మీద, మలుపు దగ్గర నెమ్మదించిన లారీని వెనకనుంచి గుద్ది చనిపోయాడు. రోడ్డు మీద బ్రేకు వేస్తే పడే టైరు గీత ఒక్కటీ లేదని పోలీసులు చెప్పారు. నిద్రపోయి ఉంటాడని కొందరు, బ్రేకులు పట్టలేదేమోనని ఇంకొందరు అన్నారు. మయ్యాసా మాత్రం దిష్టి అంది.

ఈ ఏడు గుబైషా కూతురు రయ్యాకి పద్దెనిమిది నిండాయి. ఆలస్యంగా పుట్టిన ఒక్కతే పిల్ల. ఇబ్రా ఊళ్లో కాలేజీ సీటు వచ్చింది. హాస్టల్లో ఉంచడానికి, సైన్యం నుంచి ఎప్పుడో ఇంటికొచ్చేసిన మత్తర్ ఒప్పుకోలేదు, బస్సు తిన్నెల్లోకి రాదు. కాబట్టి కారు కొనాలి. లైసెన్సు కూడా మూడోసారికి వచ్చింది. రెండోసారి పరీక్షలో ఫెయిల్ చేసిన పోలీసు, "అమ్మాయీ, నీ కాలుకి బ్రేకు ఉందన్న సంగతి ఆలస్యంగా గుర్తొస్తోంది" అన్నాడట. రయ్యా ఆ మాట ఇంటికొచ్చి చెబితే అందరూ కడుపుబ్బ నవ్వారు.

"వాణ్ణి ఒకసారి మన పెద్ద తిన్నె ఎక్కమను. వాడి బ్రేకేదో వాడికే తెలుస్తుంది" అంది గుబైషా.

ఏ కారన్న విషయంలో ఇంట్లో పేచీ లేదు. ఎత్తుగా, బరువుగా, నాలుగు చక్రాలూ లాగే బండి. కాలేజీ నుంచి తిన్నగా గుమ్మం దాకా రాగల బండి. రయ్యాకీ అదే కావాలి. మత్తర్ డబ్బు సర్ది పెట్టి, "మంచి చెడ్డ మీ అమ్మే చూస్తుంది. బండి సంగతి దానికి తెలిసినట్టు నాకేం తెలుసు" అన్నాడు.

గుబైషా తమ్ముడు సువైద్‌కి మింతిరిబ్‌లో పాత కార్ల వ్యాపారం. రేకుల పందిరి కింద కార్లు, వాటి మధ్య తివాచీ, తివాచీ మీద కాఫీ, ఖర్జూరాలు. తల్లీకూతుళ్లు వెళ్లిన పొద్దున అతను ముందుగా ఒక చిన్న తెల్ల కారు దగ్గరికి తీసుకెళ్లాడు.

"అక్కా, నా మాట విను. చదువుకునే పిల్లకి ఇది చాలు. తక్కువ తాగుతుంది, నేలని పట్టుకుని పోతుంది."

గుబైషా వంగి కారు పొట్ట కిందికి చూసింది. "ఇది కారట్రా? పెరుగ్గిన్నె బోర్లించినట్టుంది. మా గుమ్మం ముందు మేక కూర్చుంటే దాని మీంచి కూడా పోదు."

"మేక మీంచి ఎందుకు పోవాలక్కా?"

"మామా, నీ సరుకు అమ్ముడుపోక మాకు అంటగడుతున్నావు" అంది రయ్యా. "ఆ మూలది చూపించు. ఆ బూడిద రంగుది."

మూలన ఉన్నది పెద్ద బండి. గుబైషా దాని టైర్లు అరచేత్తో చరిచింది, తలుపు తీసి వేసి చప్పుడు విన్నది, బానెట్ ఎత్తించింది. ఆవిడ కడియాలు పైకి తోసుకోవడం చూసి సువైద్‌కి బేరం కుదిరిందని అర్థమైంది.

"ఒకసారి రోడ్డు మీద తిప్పి చూడండి" అన్నాడు.

రయ్యా స్టీరింగ్ దగ్గర కూర్చుంది. గుబైషా పక్కన, సువైద్ వెనక. కూతురు తారు మీద తోలుతుంటే పక్కన కూర్చోవడం గుబైషాకి అదే మొదలు. చప్పుడు లేకుండా, కుదుపు లేకుండా నేల అలా వెనక్కి జారిపోవడం ఆవిడకి వింతగా ఉంది. కింద ఏముందో ఒంటికి తెలియడం లేదు. ఇసుకయితే నడుముకే చెప్పేస్తుంది.

ముందు గడ్డి మోపుల లారీ ఒకటి పోతోంది. ఎదురుగా కార్లు వస్తున్నాయి. సువైద్ వెనకనుంచి ఏదో పెళ్లి కబురు చెబుతున్నాడు. లారీ ఉన్నట్టుండి నెమ్మదించింది. గడ్డి మోపులు ఒక్కసారి దగ్గరికొచ్చేశాయి.

ఇంజను గట్టిగా అరిచింది. రయ్యా స్టీరింగ్ కుడికి, రోడ్డంచు వైపు తిప్పేసింది. బండి లారీ పక్కనుంచి కంకర అంచు మీదికి దూకింది. గుబైషా కూర్చున్న వైపు పైకి లేచి, ఒక్క క్షణం గాల్లో ఉండిపోయి, మళ్లీ నేల మీద పడింది. కొంత దూరం కంకర చిమ్ముకుంటూ పోయి దానంతటదే ఆగింది.

"చూశావా అమ్మా!" రయ్యా కళ్లు మెరుస్తున్నాయి. "ఎలా తప్పించానో! ఇంకొకళ్లయితే లారీ కిందికి పోయేవాళ్లు."

వెనక సువైద్ దేవుడి పేరు తలుచుకుంటున్నాడు. "తల్లీ, బ్రేకు అనేదొకటి ఉంటుంది" అన్నాడు చివరికి.

"తొక్కితే సరిగ్గా వెనక గుద్దేవాళ్లం మామా."

 లారీ దగ్గరపడ్డప్పుడు గుబైషా చూసింది లారీని కాదు, కూతురి పాదాన్ని. అది బ్రేకు వైపు కదలనైనా కదల్లేదు. ఉన్నచోటే కిందికి దిగింది. ఇప్పుడు తల వంచి తన కాలు చూసుకుంది. అక్కడ ఏ పెడలూ లేదు, ఉత్త రబ్బరు పట్టా. దాని మీద ఆవిడ కుడిపాదం వేళ్లు తెల్లబడేంత గట్టిగా నొక్కుకుని ఉంది, రయ్యా కాలు నొక్కినట్టే.

రోడ్డు మీద ఒక్క గీతా లేదన్నారు. నిద్రపోయాడన్నారు. ముహాద్ నిద్రపోయే పిల్లాడు కాదు. ఖర్జూరపు మట్టతో రెండు దెబ్బలు తింటే చాలు, మూడోది పడనివ్వని పిల్లాడు.

"దిగు. మామయ్యని తోలనీ" అంది గుబైషా.

పందిరి కిందికి తిరిగొచ్చాక రయ్యా సంతోషంగా బూడిద బండి బానెట్ మీద చెయ్యేసి నిలబడింది. గుబైషా నేరుగా చిన్న తెల్ల కారు దగ్గరికి నడిచింది.

"ఇది ఇవ్వు."

సువైద్ నవ్వాడు. అక్క మొహం చూసి ఆపేశాడు.

"అమ్మా, ఏమన్నావ్?"

"ఇది కొంటున్నాం అన్నాను."

"ఇందాక పెరుగ్గిన్నె అన్నావుగా! ఇది ఇసకలోకి అడుగైనా పెట్టదు. నేను ఇంటికెలా రావాలి?"

"రావద్దు. టైర్ల కొట్టు దగ్గర ఆపు. అక్కడికి నేనొస్తా."

"రోజూనా?"

"రోజూ."

"మరి మన బండి? సెలవు రోజు నీళ్లకి నేనే కదా పోతున్నాను?"

"ఇంక పోవద్దు. ఇసకలో నువ్వు బండి ముట్టుకోవద్దు. నీ కాలు రెండు మాటలు వినదు. ఏదో ఒకటే వింటుంది."

రయ్యా మొహం ఎర్రబడింది. "ఈ కాలుకి నేర్పిందెవరు? నేనా? మట్ట పుచ్చుకుని కొట్టి కొట్టి నేర్పావు. బ్రేకు తొక్కితే గొయ్యి అన్నావు. ఇప్పుడు తప్పు నాదైందా?"

"నీదని నేననలేదు."

"మరి ఎవరిది?"

 జవాబు చెబితే అది ఈ పందిరి కిందే ఆగదు. తమ్ముడి నోటినుంచి ఊళ్లోకి, ఊళ్లోంచి మయ్యాసా గుడారంలోకి పోతుంది. గుబైషా సువైద్ వైపు తిరిగింది.

"కాలేజీ తెరిచేదాకా రోజూ ఈ పిల్ల పక్కన నువ్వు కూర్చోవాలిరా. ఎదురుగా ఏదొచ్చినా ముందు బ్రేకు. పిల్లొచ్చినా, పిట్టొచ్చినా."

"నాకు పెళ్లాం పిల్లలున్నారక్కా" అన్నాడు సువైద్, దిగులుగా.

"అందుకే జాగ్రత్తగా నేర్పుతావు."

ఇంటికి పోగానే రయ్యా తండ్రితో చెప్పింది. మత్తర్ సంగతి విని పెళ్లాం వైపు తిరిగాడు. "అదేమిటే? గుబైషా కూతురు ఇసకంచున దిగి నిలబడి, ఎవరొచ్చి తీసుకుపోతారా అని చూస్తుందా? జనం నవ్వరూ?"

"నవ్వనివ్వండి."

జనం నవ్వారు కూడా. టైర్ల కొట్టు దగ్గర గాలి పట్టించుకునే కుర్రాళ్లు ఆ చిన్న కారుని చూసి, "అత్తా, దీన్ని ఒంటె మీద వేసుకుని ఇంటికి తీసుకుపోతావా?" అని అడిగారు. వాళ్లలో సగంమంది ఆవిడ నేర్పినవాళ్లే. రివ్వున తారెక్కి వెళ్లిపోతుంటే గుబైషా వాళ్ల బండ్ల వెనకే చూస్తూ నిలబడేది. పిలవాలనుకునేది. పిలిచి ఏం చెప్పాలో తెలిసేది కాదు. ఒకసారి ఒకణ్ణి కేకేసి ఆపింది కూడా. "నెమ్మదిగా పో" అంది. "అలాగే అత్తా" అని వాడు ఎప్పటిలాగే పోయాడు.

కాలేజీ తెరిచిన వారంలో మయ్యాసా వచ్చింది, పాలగిన్నె పట్టుకుని. రెండో కొడుకు పక్కన నిలబడ్డాడు. వాడికింకా మీసం రాలేదు.

"వదినా, వీడికి బండి నేర్పు. ఎవరి దగ్గరికో పోతానంటున్నాడు. నేనే వద్దన్నాను. మా పెద్దాడికి నేర్పినట్టే నేర్పు. వాడు ఎంత బాగా తోలేవాడు!"

గుబైషా కాఫీ పోసింది. 

"నాకీమధ్య కళ్లు సరిగా ఆనడం లేదు వదినా."

"నీకా? నిన్న సాయంత్రం దిగబడ్డ ట్యాంకరు లాగావట కదా."

"దగ్గరివి కనబడతాయి. దూరానివే."

 మయ్యాసా పాలగిన్నె అక్కడే పెట్టి, కాఫీ పూర్తిగా తాగకుండానే లేచింది. తమని దూరం పెడుతున్నారనుకుని ఉంటుంది, చావు జరిగిన ఇల్లని. గుబైషా గుమ్మం దాకా వెళ్లింది. పిలిచి చెప్పేద్దామా అనుకుంది. చెబితే మయ్యాసాకి దిష్టి కూడా మిగలదు. కుర్రాడు వెళ్తూ వెళ్తూ తెల్ల పికప్ స్టీరింగ్ వైపు ఆశగా చూశాడు. వీడికి వేరేవాళ్లెవరో నేర్పుతారు, అదే మాట చెప్పి.

రోజూ సాయంత్రం గుబైషా టైర్ల కొట్టుకి ముందే చేరుతుంది. బండి కొట్టు దగ్గర ఆపదు. తారు పక్కన ఇసుకలోనే ఇంకా ముందుకు వెళ్లి, రయ్యా కారు తనని దాటిపోయి కొట్టు దగ్గర ఆగేలా నిలుపుతుంది. కూతురికి కారణం చెప్పలేదు. వెనకనుంచి చూస్తే, బ్రేకు తొక్కగానే వెలిగే ఎర్ర దీపాలు కనబడతాయి. అవి ఎక్కడ వెలుగుతాయో ఆవిడ చూస్తుంది. మొదట్లో కొట్టు గోడ దగ్గరికి పోయాక వెలిగేవి. ఒకరోజు అసలు వెలగలేదు. కారు దానంతటదే కంకరలో కూరుకుని ఆగింది. 

ఈ సాయంత్రం కొట్టు ఇంకా దూరంగా ఉండగానే వెలిగాయి. ఒకసారి ఆరి, మళ్లీ వెలిగి, కారు నిలిచేదాకా అలాగే ఉన్నాయి.

రయ్యా పుస్తకాల సంచీ తీసుకుని వచ్చి పక్కన ఎక్కింది. మునుపటంత కోపం లేదు, మునుపటంత మాటా లేదు. "ఆకలేస్తోంది" అంది. గుబైషా ఖర్జూరాల మూట అందించింది.

తిన్నె మొదలైంది. ఎక్కుతుండగా సగంలో బండి ముక్కు దిగి, వెనక భాగం జారింది. గుబైషా కాలు దించింది. పక్కన రయ్యా ఖర్జూరం నములుతూ కిటికీలోంచి బయటికి చూస్తోంది. ఆమె కుడిపాదం కింది పట్టా మీద, తల్లి కాలు దిగినట్టే, గట్టిగా నొక్కుకుంది.

గుబైషా అది చూసి, గేరు మార్చి, తిన్నె ఎక్కించింది.