పదిహేనో రోజు చెప్పిన అబద్ధం

ఆనందమ్మ బందరు దగ్గర గిలకలదిండి హార్బరులో చేపలు కొని, గుడివాడ మార్కెట్లో అమ్మేది. యాభై రెండో ఏట ఎముకల మజ్జలో క్యాన్సరు బయటపడింది. విజయవాడలోని ఒక ఆసుపత్రిలో ఆమె మూలకణాలనే తీసి దాచారు. గట్టి మందులిచ్చి మజ్జను ఖాళీ చేశాక మళ్ళీ ఆమెకే ఎక్కించారు.

అదే రోజు పక్క గదిలో సాజిద్ అనే అతనికీ అలాగే ఎక్కించారు. అతను బందరులో రోల్డుగోల్డు గాజులకు మెరుగు పెట్టేవాడు. మాస్కులు పెట్టుకుని వరండాలో నడిచేటప్పుడు పరిచయమై, ఆమెను అక్కా అని పిలిచేవాడు.

పదిహేనో రోజు రక్తపరీక్ష చేశారు. ఒంటికి కాపలా కాసే లింఫోసైట్లు ఆనాటికి ఐదు వందలు దాటితే ఎక్కువ కాలం బతికే అవకాశం మెరుగని డాక్టరమ్మ ముందే చెప్పింది. ఆనందమ్మకు తొమ్మిది వందలొచ్చాయి. సాజిద్‌కు రెండు వందల పది.

"మీకెన్నొచ్చాయక్కా?" అన్నాడు. తన అంకె తెలిసిన దగ్గర్నుంచీ అతను ఏమీ ముట్టలేదు.

"నీకొచ్చినన్నే తమ్ముడూ. నేనేమన్నా దిగులు పడుతున్నానా?"

ఆ పూట అతను రెండు ఇడ్లీలు తిన్నాడు. మంచిపనే చేశాననుకుంది ఆనందమ్మ.

ఇంటికి పంపేటప్పుడు ఆమెను మూడు నెలలకొకసారి, అతన్ని నెలనెలా రమ్మన్నారు. నాలుగో నెలలో సాజిద్ ఫోన్ చేశాడు.

"పరీక్షకు వెళ్తున్నారా అక్కా?"

"లేదు, నాకు ఆరో నెలలో."

"అయితే నేనూ అప్పుడే వస్తాను. ఇద్దరిదీ ఒకటే కదా."

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. సిగ్గేసి, "సరే" అంది.

ఆరో నెలకి అతనికి జబ్బు తిరగబెట్టింది. ఏడాది నిండకుండానే పోయాడు.

నలభై రోజులయ్యాక ఆనందమ్మ అతని భార్య జోహ్రా దగ్గరికెళ్ళి, జరిగింది దాచకుండా చెప్పింది.

"ముందే వచ్చుంటే బతికేవారా అని డాక్టరమ్మనడిగానండీ. చెప్పలేమన్నారు" అంది జోహ్రా. మళ్ళీ తనే, "బతికేవారు కాదనీ అనలేదు" అంది.

ఆనందమ్మ లేచి వచ్చేసింది.

మూడేళ్ళయింది. పరీక్షకు వెళ్ళిన ప్రతిసారీ డాక్టరమ్మ బాగున్నావంటే ఆనందమ్మ తలదించుకుంటుంది. బందరులో సాజిద్ వాళ్ళ వీధి మీదుగా వెళ్ళాల్సొస్తే ఇప్పటికీ చుట్టు తిరిగే వెళ్తుంది.