పక్కింటి సుబ్బారావూ, నా మెగాఫోనూ

విపత్తు వస్తే ఏం చేయాలో నేర్పడానికి వెళ్ళి, నేర్పేవాడే విపత్తుగా మారిన వైనం మీరెక్కడా విని ఉండరు. ఇప్పుడు వినండి. మంచినీళ్ళు మాత్రం పక్కన పెట్టుకోండి, పొలమారితే నా పూచీ లేదు.

తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజులు. నేను అమలాపురం నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో మూడో అంతస్తు గదిలో దిగాను. ఉద్యోగం యూనివర్సిటీ లెక్చరర్లకు శిక్షణ ఇవ్వడం. వరదలు, వడగాడ్పులు, గతి తప్పిన వానలు, అగ్నిప్రమాదాలు, వీటి గురించి విద్యార్థులకు ఎలా చెప్పాలో వాళ్ళకు నేను చెప్పాలి. "తుపాన్ల గడ్డ మీద పుట్టావు, నీకు తెలియనిదేముంది" అని ఉద్యోగం ఇచ్చేశారు. చెరువు పక్కన పుట్టినవాడికల్లా ఈత వస్తుందా? అయినా ఇచ్చారు, తీసుకున్నాను.

నా అసలు బాధ ఉద్యోగం కాదు, నా నోరు. తెరిస్తే చాలు, "ఆయ్, అండి" అంటూ గోదావరి దూకేస్తుంది. బయటేమో ఊరేగింపులు, నినాదాలు. నన్నెవరూ పల్లెత్తు మాట అనలేదు, నిజం చెప్పాలి. అయినా నాకు నేనే భయపడి క్లాసు బయట నోటికి తాళం వేసుకున్నాను. కిరాణా కొట్లో వేలితో చూపించి సబ్బు కొనేవాణ్ణి. హోటల్లో పక్కవాడి ప్లేటు చూపించి అదే తెప్పించుకునేవాణ్ణి. ఆ లెక్కన ఏమేం తిన్నానో మా అమ్మకు మాత్రం చెప్పకండి.

ఆదివారం వస్తే నాతో మాట్లాడే ఏకైక ప్రాణి సిటీ బస్సు కండక్టర్. "జర ముందుకు జరుగున్రి" అనేవాడు. ఆ ఒక్క మాట కోసం పనేమీ లేకపోయినా వనస్థలిపురం దాకా వెళ్ళొచ్చేవాణ్ణి. నవ్వుతున్నారా? నవ్వండి. గదికొచ్చి తలుపేసుకుంటే మాత్రం గుండె బరువెక్కిపోయేది. ఇంత పెద్ద ఊళ్ళో ఒక్కరంటే ఒక్కరు "వీడు మావాడే" అంటే చాలని ఉండేది.

శిక్షణ ఎల్బీనగర్‌లో ఒక కాలేజీ హాల్లో. ముందు వరసలో యాదగిరి సార్ కూర్చునేవారు. నల్గొండ జిల్లా మనిషి, రాజనీతిశాస్త్రం లెక్చరరు, నాకంటే బాగా పెద్ద. నవ్వంతా మీసం కింద దాచుకునేవారు.

మొదటి రోజే బల్ల గుద్ది చెప్పాను. "ప్రమాదం వస్తే ముందు వచ్చేది ఫైరింజన్ కాదండి, పోలీసులు కాదండి, పక్కింటివాడు! కాబట్టి మొదటి పాఠం, పక్కింటివాళ్ళ పేరు తెలుసుకోండి!"

యాదగిరి సార్ చెయ్యెత్తారు. "మంచిగ చెప్పిన్రు సార్. మరి మీ పక్కింటాయన పేరేంది?"

చచ్చాను. మా పక్క వాటాలో మనుషులున్నారని వాళ్ళ కుక్కర్ కూతల వల్ల మాత్రమే నాకు తెలుసు.

"సు... సుబ్బారావుగారండి."

"అట్లనా. మస్తు సోపతా మీకు?"

"ఆయ్, ప్రాణమండి! మొన్న నాకు జ్వరమొస్తే గంజి కాచి తెచ్చారు. రాత్రంతా పక్కనే కూర్చున్నారు."

ఎందుకలా అన్నానో నాకే తెలియదు. జ్వరం మాత్రం నిజం. గంజీ లేదు, సుబ్బారావూ లేడు. గోడవైపు తిరిగి పడుకుని, ఎవరైనా వస్తే బాగుండునని అనుకున్నదంతా ఆ పూట అబద్ధమై బయటికొచ్చింది. యాదగిరి సార్ నా మొహంలోకి కాసేపు చూసి, "అదృష్టమంతులు సార్ మీరు" అన్నారు. తాను దూర కంత లేదు, మెడకో డోలు అంటారు. నాకు డోలు బదులు మెగాఫోను, అంతే తేడా.

ఇక ఆఖరి రోజు. ఎవరికీ చెప్పకుండా ఉత్తుత్తి ప్రమాదం సృష్టించి, అందర్నీ భవనంలోంచి ఖాళీ చేయించాలని నా పథకం. ముందే చెబితే అది డ్రిల్లు కాదు, పేరంటం. ఒంటి మీద నారింజరంగు కోటు, నోట్లో ఈల, చేతిలో మెగాఫోను. అచ్చం దసరా వేషగాడిలా తయారయ్యాను.

లెక్చరర్లు ఆ రోజు అదోలా ఉన్నారు. గడియారం చూస్తారు, తలుపు చూస్తారు, నన్ను చూసి తలదించుకుంటారు. ఒక మేడమ్ సంచీనిండా టమాటాలు. యాదగిరి సార్ బెంచీ కింద పేద్ద ఇత్తడి గంగాళం. 'ఆహా, నీళ్ళు నిల్వ చేసే పాఠం ఎంత మనసుకెక్కించుకున్నారు!' అని మురిసిపోయాను.

సంగతేమిటంటే, ఆ రోజు ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకుని, అక్కడే తిని రాకపోకలు ఆపేసే నిరసన. ఊరంతటికీ తెలుసు. ఏ చాయ్ దుకాణంలో నిలబడి ఒక్క మాట మాట్లాడినా నాకూ తెలిసేది. మాట్లాడితే కదా! వాళ్ళేమో, ఆంధ్రా సారు నొచ్చుకుంటాడేమోనని నాకు చెప్పలేక, లేచి పోలేక నలిగిపోతున్నారు.

నేను ఈల ఊదాను. "ప్రమాదం! ఉన్నఫళాన ఖాళీ చేయండి! తోసుకోకండి! గ్రౌండులో వేపచెట్టు కింద కలవండి!"

అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. తర్వాత వెనక నుంచి ఒక గొంతు.

"ఏందిది, సారే పొమ్మంటున్నడు!"

"ఆంధ్ర సారైనా దిల్ ఉన్నోడే!"

"జై తెలంగాణ!"

ఎంత చక్కగా ఖాళీ చేశారనుకున్నారు! తోపులాట లేదు, పరుగులు లేవు, గంగాళం కూడా భద్రంగా దిగింది. గర్వంతో కళ్ళు చెమర్చాయి. అయితే జనం వేపచెట్టు దాటారు. గేటూ దాటారు.

"ఆగండి! చెట్టు ఇక్కడండి!" అని అరుస్తూ వాళ్ళ వెనక పరిగెత్తాను.

చౌరస్తాలో పొగ. విజయవాడ లారీలన్నీ బారులు తీరి ఆగిపోయాయి. నడిరోడ్డు మీద పొయ్యిలు, వాటి చుట్టూ చీర కొంగులు. పొయ్యి పక్కన చీర కొంగు కనబడితే శిక్షకుడన్నవాడు ఊరుకుంటాడా? మెగాఫోను ఎత్తాను. "మంటకు దూరం జరగండి! వరసలో కూర్చోండి! పిల్లల్ని వెనక్కి తీసుకోండి!" జనం చెప్పినట్టల్లా చేశారు. "ఎవలే గీ అన్న? మస్తు కంట్రోల్ చేస్తున్నడు!" అని ఎవరో మెచ్చుకున్నారు కూడా.

పోలీసులు కూడా మెచ్చారు. వ్యానులో మొదటి సీటు నాదే.

స్టేషన్లో ఎస్సై నా కోటు చూశాడు, ఈల చూశాడు. "లీడరువా?"

"ఆయ్, కాదండి! నేను వాయుగుండాల గురించి చెబుతానండి."

"వాయుగుండమా? ఈడ సముద్రమే లేకపాయె! ఏవూరు నీది?"

"అమలాపురమండి."

ఎస్సై కుర్చీలో వెనక్కి వాలాడు. "అమలాపురపోడొచ్చి ఎల్బీనగర్ల తెలంగాణ కోసం రోడ్డు బంద్ చేసిండా! సరే, నీ కోసం ఎవరన్నా ఒస్తరా? ఈడ తెలిసినోళ్ళు ఎవరున్నరు?"

ఫోను తీశాను. అమ్మ అమలాపురంలో, ఆఫీసు ఢిల్లీలో. మిగతా నంబర్లన్నీ గ్యాసు బండ, కరెంటు ఆఫీసు. అందరికీ బల్ల గుద్ది చెప్పిన పాఠం నాకే ప్రశ్నగా తిరిగొచ్చింది. "ఎవరూ లేరండి" అన్నాను. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. ఏడుపొచ్చేసింది.

అప్పుడు గుమ్మంలో దగ్గు వినిపించింది. యాదగిరి సార్. చొక్కానిండా మసి.

"నువ్వెవరు?" అన్నాడు ఎస్సై.

"ఈ సారు పక్కింటోన్ని."

"పేరు?"

యాదగిరి సార్ నా వైపు చూశారు. మీసం కదిలింది.

"సుబ్బారావు."

ఎస్సై పెన్ను ఆగిపోయింది. "మాటేమో నల్గొండ, పేరేమో గోదావరి. ఏంది కథ?"

"ఏంజెయ్యాలె సార్, మా నాయన పెట్టిండు."

"నీకు ఈయన మంచిగ తెలుసా?"

"గట్లడుగుతరేంది సార్? మొన్న జ్వరమొస్తే గంజి కాచి ఇచ్చిందే నేను. రాత్రంత పక్కన కూసున్న."

నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చి నాకు పొలమారింది. నీళ్ళు ఎస్సైయే ఇచ్చాడు, ఇక పొమ్మని వదిలేశాడు కూడా.

బయటికొచ్చాక అడిగాను. "అబద్ధమని మీకెప్పుడు తెలిసిందండి?"

"మొదటి దినమే. పక్కింటోడు ఉన్నోని మొఖం అట్లుండదు సార్. దా, అన్నం తిందువు, గంగాళంల ఇంక మిగిలింది." అప్పటిదాకా 'మీరు' అన్న మనిషి అప్పుడే 'నువ్వు'లోకి దిగారు.

మర్నాడు పక్క వాటా తలుపు కొట్టాను. ఒక పెద్దావిడ తీసింది. "మీ పేరేమిటండి?" అన్నాను. ఆవిడ గుండెల మీద చెయ్యేసుకుంది. "అయ్యో, నీకు మాటలొస్తయా బిడ్డా! ఇన్ని దినాలు మూగ పోరగాడనుకొని మస్తు బాధపడ్డం!"

కాబట్టి మహాజనులారా, ఆ నారింజరంగు కోటు మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను. ఊళ్ళో ఆ రోజు ఏం జరుగుతోందో నలుగురినీ అడగనిదే ఈ జన్మలో ఈల ఊదను. లేని పక్కింటివాణ్ణి మళ్ళీ పుట్టించను. పుట్టించిన ఆ ఒక్కడికి మాత్రం జ్వరమొచ్చినా రాకపోయినా ఫోను చేస్తూనే ఉంటాను. ఎత్తగానే ఆయన ఇప్పటికీ, "ఆఁ, సుబ్బారావును మాట్లాడుతున్న" అంటారు.