బూట్లు వాపసిచ్చిన ముచ్చట

"నేను మొదటిసారి స్టేజీ ఎక్కింది మా అమ్మ దొంగతనం చేసి తెచ్చిన బూట్లతో." ఈ ఒక్క వాక్యం నాకు చప్పట్లు తెచ్చిపెట్టింది, ఒక షీల్డు తెచ్చిపెట్టింది. మా అమ్మ పరువు తీసింది కూడా ఇదే. ఇప్పుడు దీన్ని మళ్లీ రాయడానికి చేయి ఆడటం లేదు.

ఈసారి మాత్రం రాస్తానని ముందే అమ్మను అడిగాను. ఆమె చాటలో బియ్యం ఏరడం ఆపలేదు. బియ్యం అయిపోయాక, "ఆఖరుదాంక రాస్తెనే రాయి," అంది. అందుకని ఆఖరుదాకా రాస్తున్నాను, కథ చప్పబడిపోయినా సరే.

మాది మచ్చ బొల్లారం. నేను శామీర్‌పేట దగ్గర ఒక మందుల కంపెనీలో క్వాలిటీ చూసే విభాగంలో పనిచేస్తాను. పని వచ్చు, మాట రాదు. తనిఖీకి వచ్చినవాళ్ల ముందు నిలబడి నా పేరు చెప్పాలన్నా నాలుక పిడచకట్టుకుపోయేది. నా వెనక చేరిన పిల్లకాయలు నాలుగు ఇంగ్లీషు ముక్కలు దడదడా మాట్లాడి నా పైకి ఎక్కి కూర్చున్నారు. ఒళ్లు మండి, మేడ్చల్‌లో ఒక ఫంక్షన్ హాలు పైగదిలో శనివారం మధ్యాహ్నాలు జరిగే ఉపన్యాసాల క్లాసులో చేరాను.

మొదటి మూడు నెలలు నా బతుకు నవ్వులపాలే. సమయపాలన మీద మాట్లాడాను, క్రమశిక్షణ మీద మాట్లాడాను. పెద్దల సూక్తులు బట్టీపట్టి అప్పజెప్పాను. ముందు వరసలో కూర్చున్న ఒకాయన నా ఎదురుగానే నోరంతా తెరిచి ఆవలించి, నోటి ముందు చిటికెలు వేసుకున్నాడు. ఆ రోజు క్లాసు చెప్పే మాస్టారు నన్ను పక్కకు పిలిచారు. ఎవరో అన్నవి మాకెందుకు, నీ ఇంట్లో జరిగింది చెప్పు, ఇంతవరకూ ఎవరికీ చెప్పనిది చెప్పు, అప్పుడు చూడు ఎవరు ఆవలిస్తారో అన్నారు. ఆయన చెప్పింది తప్పని నేను ఇప్పటికీ అనను.

ఎవరికీ చెప్పనిది నా దగ్గర ఒక్కటే ఉంది.

నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు పంద్రాగస్టుకు మాట్లాడమని మా స్కూల్లో నన్ను ఎంచారు. తెల్ల బూట్లు లేకపోతే స్టేజీ ఎక్కనివ్వం అన్నారు. నాకున్నవి రబ్బరు చెప్పులు. అమ్మ అప్పుడు అల్వాల్‌లో నాలుగిండ్లలో పనిచేసేది. ముందురోజు సాయంత్రం సంచిలోంచి ఒక జత తెల్ల కాన్వాసు బూట్లు తీసి నా ముందు పెట్టింది. అవి నాకు పెద్దవయ్యాయి. వేళ్ల దగ్గర దూది కుక్కి లేసులు బిగించింది. మర్నాడు స్టేజీ మీద సగం మరిచిపోయాను గానీ సగం చెప్పాను. బూట్లు ఎవరిచ్చారని అడిగితే, అడగక తెచ్చానని అంది. అబద్ధం చెప్పడం ఆమెకు రాదు.

ఇంతవరకూ నేను క్లాసులో చెప్పినదే. చెప్పనిది ఇది. స్టేజీ దిగిన సాయంత్రమే అమ్మ బూట్లు ఉతికింది. చాక్‌పీసు రుద్ది ప్రహరీ మీద ఆరబెట్టింది. తెల్లవారి నన్ను వెంటబెట్టుకుని బూట్లు తెచ్చిన ఇంటికి వెళ్లింది. గేటు దగ్గర నేను నిలబడి ఉండగా ఆ ఇంటి అమ్మతో, "అడుగకుండ తీస్కపోయిన అమ్మా, మా పిలగాడు స్పీచ్ జెప్తుండె," అంది. ఆ అమ్మ కాసేపు బూట్ల వంక చూసి, లోపల పెట్టమని, తర్వాత గిన్నెలు తోమమని చెప్పింది. అమ్మ ఆ ఇంట్లో ఇంకో నాలుగేళ్లు పనిచేసింది. వాళ్లు ఊరికి వెళితే ఇంటి తాళాలు మా ఇంట్లోనే ఉండేవి.

నేను రాసుకున్నదాంట్లో ఇదంతా ఉంది. చెబితే ఎనిమిది నిమిషాలు వచ్చింది. మా క్లాసువాళ్లు పెట్టే పోటీలో ఇచ్చేది ఆరు నిమిషాలు. మాస్టారు విని, వాపసిచ్చింది అనగానే కథ చల్లారిపోతుంది, జనం కళ్లలో నీళ్లుండగానే దిగిపో అన్నారు. తీసేశాను. నా చేయి పట్టుకుని ఎవరూ తీయించలేదు. పైగా "అడగకుండా తెచ్చిన బూట్లు" అన్నచోట బరువు చాలలేదని "దొంగతనం చేసి" అని మార్చింది కూడా నేనే. ఆ తెలివి మాస్టారిది కాదు, నాదే.

పోటీ మేడ్చల్‌లోనే జరిగింది. మొదటి వాక్యానికే వెనక వరసలోవాళ్లు కూడా తలలెత్తారు. చిటికెల పెద్దమనిషి అద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు. దిగాక ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, నీ తల్లి దేవత బాబూ అంది. నా జీవితంలో నాకు అంత ఆనందం ఎప్పుడూ లేదు, దాచుకోవడం ఎందుకు. ఇంటికెళ్లి షీల్డు అమ్మ చేతిలో పెట్టాను. దేని గురించి మాట్లాడావని అడిగింది. చిన్నప్పటి సంగతులన్నాను. ఆమె షీల్డును కొంగుతో తుడిచి ఫ్రిజ్ మీద, బైబిలు వాక్యాల క్యాలెండరు పక్కన పెట్టింది. చర్చిలో దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమని ఎన్నేళ్లు పిలిచినా అమ్మ లేవదు. నా కొడుకన్నా నలుగుట్ల మాట్లాడుతున్నాడని ఆ ఆదివారం అందరికీ చెప్పుకుంది.

అంతటితో ఊరుకున్నానా? తోటి ఉద్యోగి తీసిన వీడియోను వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాను. మొత్తం పట్టకపోతే ముక్కలు చేసి పెట్టాను. ఎవరెవరు చూశారో గంట గంటకూ తెరిచి చూసుకున్నాను. ఆ వరసలో మేడం పేరు కనబడింది.

మేడం అంటే అమ్మ వంట చేసే ఇంటావిడ. వాళ్లది కోస్తా వైపు, భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్థులు. మొదట్లో అల్వాల్‌లో అద్దెకుండేవారు. బహదూర్‌పల్లిలో ఫ్లాటు కొనుక్కుని వెళ్లేటప్పుడు, మీరు లేకపోతే మాకు కుదరదమ్మా అని అమ్మను రమ్మన్నారు. అమ్మ రెండు ఆటోలు మారి వెళుతుంది. ఆరేళ్లుగా ఆ ఇంటి తాళం ఒకటి ఆమె కొంగు ముడిలోనే ఉంది. ఎవరూ లేని ఇంటికి వెళ్లి, తలుపు తీసి, వండి, బడి నుంచి వచ్చిన పిల్లలకు పాలు కలిపి ఇచ్చి, భార్యాభర్తలు వచ్చాక బయలుదేరుతుంది. అమ్మది బటన్ల ఫోను. అది కలవనప్పుడు చేయడానికి మేడం దగ్గర నా నంబరు ఉంది.

మేడం నా స్టేటస్‌కు రెండు చేతులు జోడించిన బొమ్మ పంపింది. దాన్ని చూసి నేను మురిసిపోయాను. ఆ మురిపెం గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

నాలుగోరోజు సాయంత్రం అమ్మ అన్నం పెట్టుకుని తినకుండా కూర్చుంది. ముందురోజు మేడం తాళం తీసుకుందట. ఇప్పుడు ఇంటి నుంచే పని చేస్తున్నాను, తాళం అవసరం లేదులే అందట. కానీ ఆ రోజు అమ్మ వెళ్లేసరికి మేడం ఇంట్లో లేదు. తాళం కింద వాచ్‌మన్ దగ్గర పెట్టి వెళ్లింది. పడకగదికి విడిగా తాళం వేసి ఉంది. అమ్మకు అదేమీ అర్థం కావడం లేదు.

"నా చేతిల ఏమన్న పోయిందేమో అని ఇల్లంత యాది జేస్కుంటున్న బిడ్డా. ఏం దొరుకుతలేదు."

నాకు అర్థమైంది. ఆ స్టేటస్ చూసే తాళం తీసుకుంది. చెప్పాలి, ఆ క్షణమే చెప్పాలి. కానీ నేను, ఆరు నిమిషాలు చీటీ చూడకుండా మాట్లాడినవాణ్ణి, వాళ్ల ఇంట్లో వాళ్లకు ఏదో ఉంటుందిలే అమ్మా, తిను అన్నాను. పది రోజులు ఆమె అలాగే వెతుక్కుంది. స్టీలు చెంచాలు లెక్కపెట్టిందట, పిల్లల బట్టలు లెక్కపెట్టిందట. మంచినూనె ఎక్కువ వాడుతున్నానేమోనని కూడా అడిగింది. పదకొండోరోజు ఇక నావల్ల కాక వీడియో పెట్టి ఫోను ఆమె చేతికిచ్చాను.

కళ్లద్దాలు పెట్టుకుని ఆరు నిమిషాలూ చూసింది. అయిపోయాక కళ్లద్దాలు తీసి పెట్టెలో పెట్టుకుంది. తిడితే బాగుండుననుకున్నాను.

"నువ్వు జెప్పింది అబద్ధం గాదు," అంది. "వాపసిచ్చిన ముచ్చట యాడ వోయింది మరి?"

టైము చాలలేదన్నాను. ఆ మాట నా చెవికే అసహ్యంగా వినబడింది. అమ్మ ఫోను చాప మీద బోర్లా పెట్టింది.

"ఎవలింట్ల తీస్కున్ననో ఆమె నాలుగేండ్లు తాళమిచ్చింది. ఎవలింట్ల గడ్డిపోచ ముట్టలేదో ఆమె గుంజుకున్నది. గప్పుడు నేను జెప్పుకున్న బిడ్డా. గిప్పుడు నువ్వు జెప్పినవ్. గంతే తేడా."

పెదవి దాటితే పృథివి దాటుతుందని అమ్మే చిన్నప్పుడు నాకు చెప్పేది. నేను ఒక్కో మాటా ఎంచి, అద్దం ముందు సాధన చేసి మరీ దాటించాను. పని మానెయ్యమ్మా, నా జీతం చాలు అన్నాను. ఆమె నా వంక తిక్కవాణ్ణి చూసినట్టు చూసింది. ఇప్పుడు మానేస్తే నిజమే అనుకుంటారు కదా అంది.

ఆదివారం నేనే బహదూర్‌పల్లి వెళ్లాను. ఏం చెప్పాలో, ఎక్కడ ఆగాలో దారి పొడుగునా అనుకుంటూ వెళ్లాను. ఉపన్యాసం అలవాటు ఎక్కడికి పోతుంది? మేడం మర్యాదగా కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. మీరు చెప్పింది విని ఏడ్చేశానండీ అంది. నేను బూట్లు వాపసిచ్చిన సంగతి మొదలుపెట్టాను. రెండో వాక్యానికే తెలిసిపోయింది, నా మాట నాకే కట్టుకథలా వినబడుతోంది. తప్పు దొరికిపోయాక కొడుకు వచ్చి సర్దిచెబుతున్నట్టుంది. ఆమె మొత్తం విని, తల ఊపింది.

"మంచిదండీ. ఆ మాట వీడియోలో లేదు కదా, నాకు తెలియలేదు. మీ అమ్మగారి మీద మాకేం అనుమానం లేదండీ, మీరు అనవసరంగా మనసులో పెట్టుకోకండి."

తాళం మాట నేనూ ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు. కాఫీ తాగి వచ్చేశాను. ఆమె చెడ్డది కాదు. ఇంట్లో బంగారం ఉంటుంది, పిల్లలుంటారు. నేనైనా అదే పని చేసేవాణ్ణేమో. అందుకే ఆమె మీద కోపం తెచ్చుకుందామన్నా రావడం లేదు, వచ్చిన కోపమంతా నా మీదికే మళ్లుతోంది.

తర్వాత శనివారం క్లాసులో కథ మొత్తం చెప్పాను, ఎనిమిది నిమిషాలూ. గేటు, చాక్‌పీసు, నాలుగేళ్ల తాళాలు, అన్నీ. మాస్టారు మొహమాటపడుతూ, ముందుదే బాగుందన్నారు. ఎవరూ ఏడవలేదు. దాన్నీ వీడియో తీయించి స్టేటస్‌లో పెట్టాను. పాతది నా స్టేటస్‌లోంచి మర్నాడే పోయినా, అప్పటికే అది ఎన్ని గ్రూపుల్లో తిరుగుతోందో నాకే తెలియదు. కంపెనీ క్యాంటీన్‌లో ఎవరో కొత్తాయన నన్నే ఆపి, మీ వీడియో మా బావమరిది పంపాడు సార్, అద్భుతం అన్నాడు. కొత్త వీడియో చూసినవాళ్ల వరసలో మేడం పేరు కోసం రోజంతా వెతికాను. మర్నాడు స్టేటస్ దానంతటదే మాయమయ్యేదాకా చూశాను. ఆమె చూడలేదు.

ఆ తర్వాత ఒకరోజు వాన పట్టుకుంటే అమ్మకు ఆటో దొరకదని బండి మీద తీసుకురావడానికి వెళ్లాను. లిఫ్టు పనిచేయడం లేదు. మెట్లెక్కి మూడో అంతస్తు మలుపు దగ్గరికి వచ్చేసరికి ఫ్లాటు తలుపు తెరిచి ఉంది. అమ్మ గడపకు ఇవతల, చెప్పులు వేసుకుని నిలబడి ఉంది. చేతిలో సంచి నోరు రెండు చేతులతో వెడల్పు చేసి పట్టుకుంది. లోపలి నుంచి టిఫిను డబ్బా తీసి మూత తెరిచి చూపించింది. నీళ్ల సీసా తీసి చూపించింది. కళ్లద్దాల పెట్టె కూడా తెరిచింది. మేడం, అయ్యో, ఎందుకమ్మా రోజూ ఇదంతా, వద్దని చెప్పాను కదా అంటోంది. అంటూనే ఆమె కళ్లు ఒకసారి సంచిలోకి దిగి పైకి వచ్చాయి.

నేను గబగబా కిందికి దిగి బండి దగ్గర నిలబడ్డాను. అప్పుడే వచ్చినట్టు నటించాను. దారిలో కొంపల్లి దాటినా వాన జోరు తగ్గలేదు. సిగ్నల్ దగ్గర ఇక ఆగలేక, నేను చూశానమ్మా, రేపటి నుంచి సంచి చూపించకు, నీ కాళ్లు మొక్కుతాను అన్నాను. వాన చప్పుడులో వినబడలేదేమో అనుకున్నాను. గ్రీన్ పడ్డాక వెనక నుంచి అంది.

"రోజు చూపిస్తె ఒకదినం ఆమెనే చూసుడు మానేస్తది బిడ్డా. గప్పుడు తాళమిస్తది."

దీనికి నాలుగు నెలలయింది. ఇంకా చూపిస్తూనే ఉంది.