సరిగ్గా నాలుగింటికి తెగే లైను

వార్త ఎంత పెద్దదైనా బస్సు కదిలే వేళకు పూర్తి కావాల్సిన రోజులవి. ఉదయగిరిలో నెల్లూరు బస్సు డ్రైవరు చేతికి కవరు అందించేస్తే, ఆ పూటకు లోకంలో ఇక ఏమీ జరగనట్టే. (జరిగినా మర్నాటి బస్సు దాకా ఆగాల్సిందే.) ఆ కవర్లు మానేసి వార్తలన్నీ ఈమెయిల్‌లోనే పంపాలని నెల్లూరులోని మా పత్రిక డెస్కు నుంచి కబురొచ్చేనాటికి విలేకరిగా నేను కొత్త. కొత్త కాబట్టి నాకు తెలియనిదంటూ ఏదీ ఉండేది కాదు.

కొండ కింద ఒక రైతు ఇంటి ముందుగదిలో అద్దెకుండేవాణ్ని. గొర్రెల మందలున్న ఆ ఇంటి యజమానిని ఊరంతా పెద్దాయన అనేది. ఆయన తల్లిని నేనూ అవ్వా అనే పిలిచేవాణ్ని. వాళ్ల ఫోను లైను మీద బ్రాడ్‌బ్యాండ్ పెట్టించుకుంటానంటే పెద్దాయన ఒక్కటే అడిగాడు: "వైరొకటే గదా, నీ వార్తలకు మా మాటలు అడ్డం రావా?" రెండూ ఒకేసారి పోతాయని, అదే దాని గొప్పతనమని అరగంట చెప్పాను. తలుపు దగ్గర నిలబడి అవ్వ కూడా విన్నది. నమ్మిందని అనుకున్నాను.

నా కంప్యూటర్లో అందరిలా విండోస్ ఉండేది కాదు, లినక్స్ ఉండేది. ఉచితంగా దొరకడం ఒక కారణం. చుట్టుపక్కల మరెవరి దగ్గరా లేకపోవడం అసలు కారణం. ఆత్మకూరు నుంచి మోడెం బిగించడానికొచ్చిన లైన్‌మన్ తెర వంక చూసి, "ఏంది సార్ ఇది, స్టార్ట్ బటనే లేదే! యాడ నొక్కాల?" అన్నాడు. "నొక్కేది లేదు, అంతా రాసేదే" అన్నాను గంభీరంగా. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలతో ఆదేశాలు రాస్తూ, తప్పులు దిద్దుతూ, భోజనం వేళ దాటించి మొత్తానికి నెట్ తెచ్చాను. మోడెం మీద పచ్చదీపం నిలకడగా వెలిగింది. అవ్వ వచ్చి మోడెంకు కుంకుమ బొట్టు పెట్టి పోయింది.

ఆ సాయంత్రం నాలుగింటికి మొదటి వార్త పంపుతుంటే లోపల హాల్లో ఫోను గణగణ మోగింది. పచ్చదీపం ఆరిపోయింది. "ఇప్పుడే మోగాల్నా ఇది!" అని తల పట్టుకున్నాను. కాసేపటికి దీపం తిరిగి వెలిగింది, వార్త వెళ్లింది, ఆ సంగతి అంతటితో మరిచిపోయాను.

మర్నాటి నుంచి మొదలైంది కష్టం. పొద్దుటి నుంచి దివ్యంగా ఉండే నెట్, నాలుగింటికి వార్త పంపడానికి కూర్చోగానే తెగిపోయేది. నేను విసిగి లేచి వీధిలోకి పోతే బాగయ్యేది. రాసిన ఆదేశాలన్నీ చెరిపి మళ్లీ రాశాను. లినక్స్ మొత్తం తీసేసి మళ్లీ వేశాను. లైన్‌మన్ ఒక ఉదయం వచ్చి చూస్తే పచ్చదీపం నన్ను వెక్కిరిస్తున్నట్టు నిశ్చలంగా వెలుగుతోంది. "లైను బంగారంలా ఉండాది సార్. మీ నల్ల తెరకే ఏందో అయింది" అని వెళ్లిపోయాడు. ఆత్మకూరు విలేకరి ఫోన్‌లో, "రే, అందురూ నడిచే దోవన నడవరా. విండోస్ వేసుకో. నువ్వు పంపకుంటే మీ ఉదయగిరి కూడా నా మెడకే చుడతారు" అని మొత్తుకున్నాడు. నిజంగానే డెస్కు ఇన్‌చార్జి ఆ పని చేయబోయాడు. "రేపు నాలుగున్నరకు నీ మెయిల్ రాకపోతే, ఎల్లుండి నుంచి నీ మండలం ఆత్మకూరు అతనిదే" అన్నాడు.

ఆ రేపు రానే వచ్చింది. సోమశిల ప్రాజెక్టు నీళ్లు అందక ఎండుతున్న చేల మీద, ఆ చుట్టుపక్కల ఊళ్లు తిరిగి రాసిన వార్త. కూర్చున్నాను. దీపం ఆరింది. ఈసారి వీధిలోకి పోలేదు. పెద్దాయనతో ఈ లైనే వద్దని చెబుదామని ఇంట్లోకి నడిచాను.

హాల్లో ఫోను పక్కన అవ్వ పీటేసుకుని కూర్చుంది. రిసీవరు ఆమె ఒళ్లో ఉంది. దాని గొంతు బయటికి వినపడకుండా కొంగుతో నాలుగు చుట్లు చుట్టి, పసిబిడ్డను పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుంది. నన్ను చూడగానే కళ్లతోనే కసిరింది.

"ఎందుకు లేచినావు నాయనా? పోయి పంపుకో పో. నేను పట్టుకోనుండాను గదా, మోగదులే."

"అవ్వా, రోజూ ఇట్లాగే పట్టుకుంటున్నావా?"

"మరి? ఆ పొద్దు మోగితే తల పట్టుకుంటివే! మావాడు వింజమూరులో గొర్రెల బేరానికి ఫోన్ చెయ్యాలన్నా, బస్టాండు కాడ ఎస్టీడీ బూత్‌కు పొమ్మని తరమతా ఉండా. పిల్లోడి పని చెడగొట్టబాకరా అని."

మెల్లగా కొంగు విప్పి, రిసీవరు తీసి ఫోను మీద పెట్టాను. గదిలోకి వచ్చేసరికి పచ్చదీపం మిణుకుమని, నిలబడింది. వార్త వెళ్లింది. ఉదయగిరి నాకే మిగిలింది. లోపలి ఫోను మోగినా, ఎత్తినా నెట్ తెగకుండా దానికి కూడా నా గదిలో మోడెంకున్నట్టే ఒక చిన్న ఫిల్టరు డబ్బీ కావాలని ఆ తర్వాత లైన్‌మన్ తెచ్చి తగిలించాడు. అది పెట్టాక ఫోను మోగినా నెట్ తెగదని అవ్వకు మళ్లీ అరగంట చెప్పాను. "అట్నా!" అంది. నాలుగింటికి మాత్రం పీట మానలేదు. రిసీవరు ఎత్తకుండా, మోగితే ఒడిసి పట్టుకునేందుకు దాని మీద చెయ్యేసి కూర్చునేది.

ఇప్పుడు నా ఇంట్లో వైఫై ఉంది. నేను వార్త పంపుతుంటే టీవీ ఆగదు, ఎవరి ఫోనూ ఆగదు. ఎప్పుడైనా నెట్ తెగితే అలవాటుగా నల్ల తెర తెరవబోతాను. ఆ తెర మీద అక్షరం రాయకముందే, ఎందుకో ఒకసారి లేచి హాల్లోకి తొంగిచూస్తాను.