చివరి తూము వాళ్ల ఎనిమిది పాటలు

రెంజల్ దిక్కు చెరుకు తోలే ట్రాక్టర్లలో రాజలింగు ట్రాక్టరును గుర్తుపట్టడానికి కళ్లు అక్కర్లేదు, చెవులుంటే చాలు. సీటు వెనక బిగించిన రెండు సౌండ్ బాక్సులంటే అతనికి ప్రాణం. ఇంట్లో కుక్కర్ రబ్బరు పోయి ఎన్నాళ్లయినా పట్టించుకోడు గానీ, బాక్సు మీద దుమ్ము పడితే తువ్వాలతో తుడుస్తాడు. "నా దిక్కు గూడ గట్ల ఒక్కపారి సూడరాదు" అని భార్య సాయవ్వ ఎత్తిపొడుస్తుంది. యాభై దాటిన మనిషి, నవ్వి ఊరుకుంటాడు.

ఈసారి చెరుకు సీజను మొదట్లో బోధన్‌లో శేఖర్ మొబైల్ షాపుకు పోయి, పెన్‌డ్రైవ్ ఇచ్చి, మంచి పాటలు నింపమన్నాడు. శేఖర్ నింపాడు, కాదనను. తిరిగి ఇచ్చేటప్పుడు మాత్రం పక్కనున్న ఇంకో నల్ల పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టాడు. లోడుతో ఊరు దాటి పాట పెట్టాడో లేదో, రాజలింగు బ్రేకు తొక్కాడు. బాక్సులోంచి ఘర్ర్ర్‌మని ఒకటే రొద, రేకుల మీద గొలుసు లాగినట్టు.

"అయ్యో, నా డబ్బా పగిలిందిరో!"

లోడు దించి తిన్నగా ఆత్మారాం దగ్గరికి పోయాడు. ఆత్మారాం స్పీకర్లు బాగుచేస్తాడు, సగం మరాఠీ సగం తెలుగు మాట్లాడతాడు. బాక్సు విప్పి, లోపలి కాగితం పాతబడిందని కొత్తది వేశాడు. పెట్టి చూస్తే మళ్లీ అదే ఘర్ర్ర్. రెండో బాక్సుకూ వేశాడు. అదే ఘర్ర్ర్! ఆఖరికి రేడియో పెడితే, ఎవరో అమ్మాయి పాట కమ్మగా, గాజులు సర్దినట్టు వినపడింది. ఆత్మారాం స్క్రూడ్రైవర్ కింద పడేశాడు.

"అరే బాబా, డబ్బా ఏక్‌దం మంచిగుంది. పాటకే జరమొచ్చింది."

"పాటకు జరమేందే?"

"గది గిటారు సప్పుడు. కావాలని గట్లనే గీకుతరు. రాక్ పాటలంటరు."

రాజలింగుకు ఒళ్లు మండింది. శేఖర్‌ను నిలదీద్దామంటే వాడు షాపు మూసి పెళ్లికి పోయాడు. మర్నాడు ఫ్యాక్టరీ ముందు ట్రాక్టర్ల లైను కనుచూపు మేర ఉంది. బోధన్ ఫ్యాక్టరీ మూతపడ్డాక ఇక్కడి చెరుకు దూరం పోవాల్సిందే, పోయినవాడు కాటా దాకా పడిగాపులు కాయాల్సిందే. పాట లేకుండా ఆ లైనులో కూర్చోవడమంటే ఉప్పు లేని కూడు తిన్నట్టే. ఏ దిక్కూ లేక గొణుక్కుంటూ అదే పెట్టాడు, కాకపోతే సౌండ్ తగ్గించి. తగ్గించేసరికి, రొద అడుగున దాగిన మాటలు వినపడ్డాయి.

"కాల్వ చివర నేనున్న... నీళ్లా, నీకు తొవ్వ ఎర్కేనా?"

రాజలింగు బీడీ నోటి దాకా పోకుండానే ఆగింది. అతని పొలం కూడా నిజాంసాగర్ కాలువ చివర్లోనే ఉంది. పైవాళ్ల మళ్లన్నీ తడిశాక, మిగిలితే నీళ్లొస్తాయి. గట్టు మీద పార పట్టుకుని అతను చూసిన ఎదురుచూపులు ఆ కాలువకే తెలుసు. అట్లా నిలబడ్డప్పుడు కడుపులో ఒక రొద లేచేది. దాన్ని సాయవ్వకు కూడా చెప్పలేకపోయాడు, చెప్పడానికి మాట దొరకలేదు. ఇదిగో, ఎవరో పోరలు దాన్ని గిటారుతో చెప్పేశారు! నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయతనికి. సౌండ్ మొత్తం పెంచేశాడు.

ముందు ట్రాక్టరు నడిపే మార్కండేయ దిగొచ్చాడు. "అన్నా, నీ డబ్బా పగిలింది!"

"నీ చెవులు పగిలినయ్ రా. పో!"

ఆ రోజు మొదలు పొద్దున లేస్తే అవే పాటలు. "ముసలోనికి దసరా పండుగొచ్చింది" అని సాయవ్వ మూతి తిప్పింది. అన్నదే గానీ, రొట్టె కొట్టేటప్పుడు ఆమె చెయ్యి ఆ డ్రమ్ము దెబ్బకే పడుతోంది. రాజలింగు గమనించాడు, భయానికి బయటికి అనలేదు. అతనికి ఒక్కటే వెలితి. ఎనిమిది పాటలే ఉన్నాయి. ఇంకా కావాలి, ఆ గొంతులు ఇంకేం చెబుతాయో వినాలి.

శేఖర్ దొరకగానే ముందు బూతులు తిట్టి, తర్వాత ఆ పాటలెవరివని అడిగాడు. శేఖర్ నెత్తి కొట్టుకున్నాడు. "మా చిన్నాయన కొడుకు భానుప్రసాద్‌ది కాకా ఆ పెన్‌డ్రైవ్. నిజామాబాద్‌ల ఉంటడు. నలుగురు దోస్తులు గల్సి బ్యాండు పెట్టిండ్రు, పేరు చివరి తూము. ఇది వాళ్ల మొదటి ఆల్బం. నెట్ల పెడితే కుక్క గూడ వినలే."

"మరి రెండోది ఎప్పుడొస్తదట?"

"రెండోదా! వాడు కొట్టే డ్రమ్ములే అమ్ముకుంటున్నడు."

రాజలింగుకు ఆ పూట అన్నం సయించలేదు. ఏర్గట్ల నుంచి పసుపు కిరాయి తగిలితే నిజామాబాద్ మార్కెట్లో బస్తాలు దించి, అటునుంచి అటే భానుప్రసాద్ పనిచేసే రంగుల దుకాణం వెతుక్కుంటూ పోయాడు.

"చివరి తూముల డ్రమ్ములు కొట్టేది నువ్వేనా బిడ్డా?"

సన్నగా, గడ్డంతో ఉన్న ఆ పిల్లవాడు అనుమానంగా చూశాడు. "ఎవలు పంపిండ్రు? మస్కిరి చేస్తున్నవా?"

రాజలింగు దుకాణం మధ్యలో నిలబడి, రంగు డబ్బా మీద దరువేస్తూ కాలువ పాట ఎత్తుకున్నాడు. రాగం ఎటో పోయింది గానీ దెబ్బ తప్పలేదు. భానుప్రసాద్ మొహంలో రంగు మారింది.

"పాడింది నలుగురం కాకా, విన్నది ముగ్గురు. మాలోనే ఒకడు పూర్తిగ వినలే" అన్నాడు, నవ్వీ నవ్వక. "మిగతోళ్లు ఇంకోటి చేద్దామంటరు. నాకే మనసు విరిగింది. సోమవారం నాందేడ్ పెండ్లి బ్యాండోళ్లొచ్చి డ్రమ్ములు తీస్కపోతరు."

"ఆదివారం మా చివరి లోడు. ఫ్యాక్టరీ కాడికి ఒక్కపారి రా. గా తర్వాత అమ్ముకుంటవో తగలబెట్టుకుంటవో, నేనేమనను."

"వచ్చి ఏం చూడాలె?"

అది రాజలింగుకూ తెలియదు. "నువ్వైతే రా" అని వచ్చేశాడు.

సీజను చివరి లోడుకు ట్రాక్టర్ల వాళ్లలో ఒక ఆనవాయితీ ఉంది. ట్రాక్టర్లన్నిటికీ బంతిపూలు కడతారు. అందరికన్నా ముందు నడిచే ట్రాక్టరు పాటే కాటా దాకా మోగాలి, మిగతా బాక్సులు నోరు మూసుకోవాలి, మధ్యలో ఎవరూ ఆపకూడదు. ఈసారి పెద్దవాడని రాజలింగును ముందు పెట్టారు. పెట్టాక అందరూ నాలుక కరుచుకున్నారు.

ఫ్యాక్టరీ ముందు లైనులో మొదటి పాట మొదలైంది. డ్రైవర్లు చెవులు మూసుకున్నారు. "నీకు దండం పెడ్తనే, మార్చే!" అని మార్కండేయ మొత్తుకున్నాడు. చాయ్ బండి దగ్గర భానుప్రసాద్ హెల్మెట్ కూడా తియ్యకుండా నిలబడి ఉన్నాడు. మూడో పాటకు తన బైకు ఎక్కి తాళం చెవి తిప్పాడు. పోతున్నాడు! రాజలింగు ప్రాణం ఉసూరుమంది. పిల్లవాణ్ని పిలిపించి మరీ పరువు తీశానే అని తన్ను తానే తిట్టుకున్నాడు.

అప్పుడు మోగింది, వెనక ట్రాలీ మీద, ఠంగ్ ఠంగ్ అని. చివరి లోడు మీద కూర్చుని వచ్చిన చెరుకు నరికే కూలీల ముఠాలో పెద్దామె భీమవ్వ, కత్తి వెనక్కి తిప్పి ట్రాలీ ఇనుము మీద కొడుతోంది. రెండు దెబ్బలు, ఒక ఆగు. రెండు దెబ్బలు, ఒక ఆగు.

"గిది మా దెబ్బనే గదనే!" అని అరిచింది. "గడ మొదలుకు ఒకటి, కొసకు ఒకటి, ఇసిరెయ్యి. పొద్దంత మేం నరికేది గిట్లనే!"

ఆ మాటతో ముఠా అంతా కత్తులు తిప్పింది. ట్రాలీలు ఠంగుఠంగున మోగాయి. మార్కండేయ చెవుల మీంచి చేతులు తీసి, బానెట్ మీద వేశాడు. భానుప్రసాద్ బండి ఆపి, హెల్మెట్ తీశాడు. ఆ దెబ్బ తనే పుట్టించానని ఇన్నాళ్లూ అనుకున్నాడు పాపం. నడుచుకుంటూ వచ్చి భీమవ్వ పక్కన నిలబడి, హెల్మెట్‌నే డ్రమ్ము చేసుకుని కొట్టడం మొదలుపెట్టాడు. కాలువ పాట వచ్చేసరికి డ్రైవర్లలో సగం మందికి మొదటి చరణం నోటికొచ్చేసింది. రోజూ రాజలింగు వెనక లైనులో కూర్చున్న పాపం మరి.

కాటా ముందర ఎనిమిదో పాట అయిపోయింది.

"ఇంకోటి పెట్టే!" అన్నాడు మార్కండేయ.

"లెవ్వురా. ఎనిమిదే."

"గదేంది? మిగతయ్యేడున్నయ్?"

రాజలింగు భానుప్రసాద్‌ను చూపించాడు. "గీ పిలగాన్ని అడుగుండ్రి."

అందరూ అటు తిరిగారు. భానుప్రసాద్ హెల్మెట్ ట్రాలీ మీద పెట్టాడు. మోచేత్తో కళ్లు తుడుచుకుని, ఫోన్ తీసి నాందేడ్ వాళ్లకు చేశాడు. "డ్రమ్ములు ఇస్తలేనన్నా. రేపు రాకుండ్రి" అన్నాడు.

రాజలింగు పెన్‌డ్రైవ్ ఊడదీసి చొక్కా జేబులో వేసుకున్నాడు.

"కాకా, అది నాదే. ఇస్తవా?" అని అడిగాడు భానుప్రసాద్.

"ఇయ్య" అన్నాడు రాజలింగు, జేబు మీద చెయ్యి వేసుకుని. "గిది నాది. నువ్వు ఇంకోటి చేసుకో."