వంటింట్లో ఆల్టోలు, ముందు గదిలో బేసులు

ఈ ఊళ్ళో పాట వినడం చేతకానివాళ్ళు ఎక్కువ. ఈ మాట ఎన్నో ఏళ్ళుగా అంటున్నాను, ఇప్పటికీ వెనక్కి తీసుకోను. క్యాసెట్ల కాలంలో ఎవరింటికి వెళ్ళినా స్టీరియో చూపించేవారు గాని వినిపించేవారు కాదు. ఎర్ర దీపాలూ పచ్చ దీపాలూ పైకీ కిందికీ గెంతుతుంటే "చూశారా ఎలా ఆడుతున్నాయో" అనేవారు. బేసు మీట చివరిదాకా తిప్పేవారు. కిటికీ ఊచలు గిలగిల్లాడితే దాన్ని సౌండనేవారు. వినడానికి పిలిచి చూడమనే ఆ మర్యాద నాకు ఒళ్ళుమంట.

నేను పదో తరగతి తప్పినవాణ్ణి. మెట్టుగూడ రైల్వే క్వార్టర్లలో కాపురం, స్టోర్సులో గుమాస్తా ఉద్యోగం. స్టేషను దగ్గర పేవ్‌మెంటు మీద తూకానికి అమ్మే పాత ఎలక్ట్రానిక్స్ పత్రికలే నా కాలేజీ. ఒళ్ళో నిఘంటువు పెట్టుకుని చదివేవాణ్ణి. నిఘంటువుకు కూడా అర్థంకానివి ఒకటి రెండు షాకులు కొట్టాక అర్థమయ్యేవి.

కొత్త సెట్టు కొనే స్తోమత లేదు. వాయిదాల మీద కొనడం నాకు గిట్టదు. అందుకని ముక్కముక్కా పోగేశాను. యాంప్లిఫయరు బోర్డు కోఠీ సందుల్లో కొని, ఇంట్లో టంకం వేసి, చెడిపోయిన స్టెబిలైజరు డబ్బాలో కూర్చోబెట్టాను. టేప్ డెక్కు మాత్రం క్లాక్ టవర్ దగ్గర ఒక సెకండ్ హ్యాండ్ కొట్లో దొరికింది. కొట్టువాడు నా మీద జాలిపడ్డాడు.

"అన్నా, గీ డెక్కుకు లైట్లు లేవు. గా పక్కది తీస్కో, మస్తు లైట్లుంటయ్."

"లైట్లు నాకెందుకు? హెడ్డు అరిగిందా లేదా, అది చెప్పు." హెడ్డంటే టేపుకు ఆనుకుని పాటను చదివే ముక్క. అది అరిగితే మిగతాదంతా అలంకారమే.

"హెడ్డు ఎవడు చూస్తడన్నా? ఇంటికొచ్చినోళ్ళు లైట్లే చూస్తరు."

"అందుకే ఇది చవగ్గా ఇస్తున్నావు."

"తీస్కపో. నీ అసోంటి గిరాకి ఏడాదికొక్కడు సుత రాడు." ఆ మాట పొగడ్తగానే తీసుకున్నాను.

స్పీకరు పెట్టెలకు బోయిగూడ టింబరు డిపోలో మిగిలిపోయిన మందపాటి చెక్కలు ఏరుకున్నాను. కోసిపెట్టిన వడ్రంగి "గీటిల కోళ్ళు పెడ్తరా సార్" అని అడిగాడు. పెట్టెలు లోపల బోలుగా ఉంటే మోత పుడుతుంది, దూది కూరాలి. దూది కొనడం దండగనిపించి, చుట్టాల కోసం దాచిన తలగడల్లోంచి తీశాను. చుట్టాలొచ్చి మెడలు పట్టేసిన రోజున ఆ సంగతి బయటపడింది.

అందువల్లే నా భార్యతో ఒక ఒప్పందానికి తలవంచాల్సి వచ్చింది. పాట ఇల్లంతా వినపడాలని ఆవిడ వాదన. మా క్వార్టర్లలో స్టీరియో ఉన్న ప్రతి ఇంట్లోనూ అదే పద్ధతి, ఒక స్పీకరు ముందు గదిలో, రెండోది వంటింటి సజ్జ మీద. రెండు పెట్టెలూ ఒకే గదిలో ఉండడమంటే అందరి దృష్టిలో రెండు గొడుగులేసుకుని నడవడం లాంటిది. "రెండూ ఎదురుగా ఉంటేనే స్టీరియో" అని పత్రిక తెరిచి చూపించాను. "తలగడలు కూడా పత్రికలోనే రాశారా" అంది. స్పీకరు సజ్జెక్కింది. పైన ఎంబ్రాయిడరీ గుడ్డ, దాని మీద కారప్పొడి డబ్బా.

ఆవిడ మా చర్చి క్వాయర్‌లో ఆల్టో. అంటే ఆడవాళ్ళలో కింది శ్రుతి పాడే జట్టు. పెళ్ళికాక ముందు నుంచీ అక్కడే ఆవిడ చోటు. క్వాయర్ మాస్టరు గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన రిటైర్డు హెడ్మాస్టరు. ఒక చేత్తో తాళం చూపిస్తూ, మగవాళ్ళతో కలిసి వాళ్ళ కింది శ్రుతి అయిన బేసు కూడా తనే పాడతాడు. ఆ ఏడు క్రిస్మస్ పాటలు చర్చి కుర్రాళ్ళు రికార్డు చేశాక, క్యాసెట్టు తన ఇంట్లో ఒంటి స్పీకరు టేప్ రికార్డరులో విని తీర్పు చెప్పాడు.

"ఆల్టోలు వెనకబడుతున్నారు. ముఖ్యంగా మీరు, సిస్టర్. ఈస్టర్‌కు కాస్త విశ్రాంతి తీసుకోండి."

విశ్రాంతంటే ఏమిటో ఇరవై ఏళ్ళు పాడినావిడకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. ఇంటికొచ్చి బైబిలు సంచీలోంచి తనకిచ్చిన క్యాసెట్టు తీసి బల్ల మీద పెట్టి, నా పెట్టెకేసి తిరిగింది.

"ఎవరు వెనకబడ్డారో మీ కోళ్ళగూళ్ళు చెప్తాయా?"

"చెప్తాయి."

"చెప్పకపోతే?"

"బోయిగూడకు తిరిగి పంపేస్తాను."

"అంత దూరం ఎందుకు, స్నానాలకు నీళ్ళు కాగబెడతాను."

క్యాసెట్టు వేశాను. ముందు గదిలో మగవాళ్ళు ఉరుముతున్నారు. బాగా ఉరుముతున్నారు, బేసు గట్టిగా, శుభ్రంగా ఉంది. నా చెక్కలకు నేనే మురిసిపోతుండగా వంటింట్లోంచి గొంతు వచ్చింది.

"ఏమండీ, మగాళ్ళేరీ?"

"ఇక్కడున్నారు. ఆడవాళ్ళేరీ?"

"మేమందరం ఇక్కడే ఉన్నాం."

రికార్డు చేసిన కుర్రాళ్ళు ఆడవాళ్ళ ముందొక మైకు, మగవాళ్ళ ముందొక మైకు పెట్టారు. చర్చిలో చెరోవైపు కూర్చోవడం పాత ఆచారమే. మా ఇంట్లో మాత్రం ఆచారం ముదిరి ఆడవాళ్ళు ఏకంగా పొయ్యి దగ్గరకు, మగవాళ్ళు కుర్చీల దగ్గరకు చేరారు. వంటింట్లో విన్నంతసేపూ ఆల్టోలు ఎక్కడా తడబడలేదు. ముందు గదిలో బేసులూ తడబడలేదు. విడివిడిగా అందరూ నిర్దోషులే.

ఆవిడే కారప్పొడి డబ్బా దించి, గుడ్డ మడతపెట్టి, స్పీకరు చంకలో ఇరికించుకుని వచ్చింది. "ఎక్కడ పెట్టాలి?"

గోడకు కాస్త ఎడంగా, చెరో మూల పెట్టాను. రెండింటికీ సమాన దూరంలో కుర్చీ వేసి కూర్చోమన్నాను. క్వాయర్ మొత్తం మా గోడ ముందు వరస కట్టి నిలబడింది. ఎడమవైపు పై శ్రుతి పాడే సొప్రానోలు, వాళ్ళ పక్కనే ఆల్టోలు, వాళ్ళలో ఆవిడ. అంత పొందికైన సౌండు వేలు పోసి కొన్న సెట్లలోనూ నేను వినలేదు. మెచ్చుకుంటుందేమోనని చూశాను. ఆవిడ మోకాలి మీద తాళం వేసుకుంటోంది.

"మళ్ళీ వెయ్యండి."

మళ్ళీ వేశాను.

"విన్నారా? చరణం చివర ఊపిరికి ఆగాలి. మేం ఆగాం. ఈయన ఆగకుండా దూకుతున్నాడు. మేం వెనకబళ్ళేదు, ఈయనే ముందుకుపోతున్నాడు."

నిజమే. కుడివైపు నుంచి ఆ హెడ్మాస్టరు గొంతు, బడి గంట కొట్టేసినట్టు, ప్రతి చరణానికీ ఒక అంగ ముందుండేది.

ఆదివారం ఆరాధన అయ్యాక ఆయన్ని టీకి పిలిచింది. పెద్దమనిషి రాగానే ఆనవాయితీగా ప్రార్థన చేశాడు. టీనీ బిస్కెట్లనీ దీవించాక, కళ్ళు మూసుకునే నా స్టెబిలైజరు డబ్బానూ ఒక మాటలో దీవించాడు. తర్వాత ఆవిడ ఆయన్ని నడిమి కుర్చీలో కూర్చోబెట్టింది. పాట సాగింది. మూడో చరణానికి ఆయన కప్పు కింద పెట్టాడు.

"మీ సెట్టులో ఏదో లోపముంది బ్రదర్," అన్నాడు చివరికి. "స్పీడు తేడాగా ఉంది. ఇంట్లో చేసుకున్నవి ఇలాగే ఉంటాయి."

నాకు ఎక్కడో మండింది. అయిదు నిమిషాల క్రితం తనే దీవించిన సెట్టది. నోరు తెరవబోయాను. నా భార్య ఖాళీ కప్పు తీస్తూ, చాలా మర్యాదగా అంది:

"సెట్టులో లోపం లేదండీ సార్. టేపు ఒకటే, మోటారు ఒకటే. మగాళ్ళకు వేరే మోటారు పెట్టలేదు."

ఆయన గడియారం చూసుకున్నాడు. ఎవరినో పరామర్శించాలన్నాడు. గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ, "ఈస్టర్ ప్రాక్టీసు బుధవారం మొదలు, సిస్టర్," అన్నాడు. క్షమాపణ ఆ నోట్లోంచి అంతకంటే ఎక్కువ రాదు.

తలుపేసి వచ్చి ఆవిడ నడిమి కుర్చీలో కూర్చుంది. "మొదట్నించీ వెయ్యండి," అంది. "ఇంకెక్కడెక్కడ దూకాడో చూద్దాం."