పేజీ తిప్పించిన డ్రిల్లు మాస్టారు

గత వారం మా డ్రిల్లు మాస్టారు కన్నుమూశారు. ఢిల్లీ సాకేత్‌లో మా ఆఫీసులో ఉండగా ఆంటీ ఫోన్ చేశారు. ఆంటీ అంటే మాస్టారి భార్య. "మీ మాస్టారు పొద్దున్న టీ తాగి, పేపరు చూస్తూ అలగే ఒరిగిపోయారమ్మా. ఏ బాధా పడనేదు" అన్నారు. ఆడిట్లు ముగించే రోజులవి, బల్ల నిండా ఎవరెవరివో లెక్కలు. వస్తున్నానని చెప్పి బ్యాగు సర్దుకున్నాను. ఎవరని పక్క సీటు అమ్మాయి అడిగితే మా మాస్టారన్నాను. "అచ్ఛా, అకౌంట్స్ పఢాతే థే?" అంది, అకౌంట్స్ చెప్పేవారా అని. కాదు, ఆయనకు అకౌంట్స్‌లో ఓనమాలు కూడా తెలియవని చెబితే నా వంక వింతగా చూసింది.

నిజమే, వింతే. ఈ రోజు నేను చార్టర్డ్ అకౌంటెంట్‌నని చెప్పుకుంటున్నానంటే, అందులో సగం చలవ జీవితమంతా ఈల ఊది పిల్లల్ని పరిగెత్తించిన మనిషిది.

నేను తుని నుంచి బీకాం చదవడానికి ఢిల్లీ వచ్చాను. పొద్దున యూనివర్సిటీ కాలేజీ, మధ్యాహ్నం నుంచి లక్ష్మీ నగర్‌లో సీఏ కోచింగు. మెట్రోలో నిలబడి నిద్రపోవడం అప్పుడే నేర్చుకున్నాను. మూడో అంతస్తులో పీజీ హాస్టల్ గది నాది, కింది వాటా మాస్టారు వాళ్ళది. విజయనగరం వైపు మనుషులు. ఢిల్లీలో ఒక బడిలో డ్రిల్లు మాస్టారుగా చేరి, అక్కడే రిటైరై, ఆ వాటా కొనుక్కుని ఉండిపోయారు. తెలుగు పిల్ల కనబడితే చాలు, గుమ్మంలోనే ఆపి ఊరూ పేరూ, తిన్నదీ లేనిదీ అడిగేవారు ఇద్దరూ.

సీఏ ఇంటర్ మొదటిసారి తప్పాను. లెక్కలు రాక కాదు. లెక్కలంటే నాకు పిచ్చి. బ్యాలెన్స్ షీట్‌లో ఆస్తులు ఒకవైపు, అప్పులూ పెట్టుబడీ ఇంకోవైపు వేసి కూడితే రెండు మొత్తాలూ ఒక్కటే రావాలి. దాన్నే టాలీ కావడం అంటాం. అలా కలిసినప్పుడు నాకు కలిగే సంతోషం ఇంతా అంతా కాదు. కలవకపోతే మాత్రం, తేడా ఎక్కడుందో పట్టుకునేదాకా నా చెయ్యి ముందుకు కదలదు. పరీక్షలో అదే జరిగింది. ఒక్క తేడా కోసం వెతుకుతూ కూర్చున్నాను, వచ్చిన లెక్కలు కూడా రాయకుండానే బెల్లు కొట్టేశారు. "ఇంకొక్కసారి రాయమ్మా. అప్పుడూ రాకపోతే డిగ్రీ అయ్యాక వచ్చెయ్, ఇక్కడే ఏదో ఒకటి చూద్దాం" అన్నారు నాన్న. ఆయన కోప్పడి ఉంటే బాగుండేది. ఆ 'ఏదో ఒకటి' తలుచుకుంటే నాకు అన్నం దిగేది కాదు.

ఒక సాయంత్రం మెట్ల మీద దిగాలుగా కూర్చుని ఉంటే మాస్టారు పాల ప్యాకెట్లతో వచ్చారు.

"ఏటమ్మా, ఇక్కడ కూచున్నావు?"

చెప్పాను. ఆయన పాలు పక్కన పెట్టి, ఒక మెట్టు కింద కూర్చుని అంతా విన్నారు.

"అయితే నీకు లెక్కలొచ్చు."

"వచ్చు మాస్టారూ."

"పరీక్ష రాదు."

నాకు ఒళ్ళు మండింది. ఆయన అదేమీ పట్టించుకోలేదు. "నీ లెక్కలు నాకు రావు గానీ, పరీక్ష సంగతి నాకు బాగా తెలుసు. ఆదివారం పాత పరీక్ష పేపరొకటి పట్టుకుని రా" అని పాలు తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు.

సంగతేమిటో ఆంటీ చెప్పారు. డ్రిల్లు మాస్టారికి దిద్దాల్సిన పేపర్లుండవు కాబట్టి, బళ్ళో ఏ పరీక్ష జరిగినా హాల్లో కాపలా డ్యూటీ ఆయన నెత్తినే పడేదట. సర్వీసు పొడవునా పిల్లలు పరీక్షలు రాస్తుంటే చూస్తూ నిలబడ్డ మనిషి.

ఆదివారం వెళ్ళేసరికి వాళ్ళ ముందుగది పరీక్ష హాలైపోయింది. భోజనాల బల్లను గోడవైపు తిప్పి వేశారు. టీవీ మీద దుప్పటి కప్పారు. నా ఫోన్ తీసుకుని బీరువాలో పెట్టి, "హాల్ టికెట్ ఏది?" అన్నారు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. మూడంతస్తులూ ఎక్కి పాత హాల్ టికెట్టు తెచ్చుకోవాల్సి వచ్చింది. నేను రాస్తున్నంతసేపూ చేతులు వెనక్కి కట్టుకుని, చెప్పుల చప్పుడు అవుతుందని వట్టి కాళ్ళతో తిరిగారు. కుక్కరు కూతలు కూడా నిషేధమే. "ఈ పిల్ల సీఏ అయ్యీదాకా మనింట్లో ఆదివారం పప్పు లేదు" అని ఆంటీ వంటింట్లోంచి మెల్లిగా విసుక్కుంటే, ఆవిణ్ణి కూడా "సైలెన్స్" అన్నారు.

మూడు గంటలు కాగానే పేపరు లాగేసుకున్నారు. అప్పటికి నేను ఒక బ్యాలెన్స్ షీట్ దగ్గరే తిరుగుతున్నాను. "రెండు నిమిషాలు మాస్టారూ, తేడా దొరికేలా ఉంది" అని బతిమాలాను.

"నీకన్నా బాగా బతిమాలినోళ్ళని చూసేను" అన్నారు.

ఆ వారమూ అంతే, పై వారమూ అంతే. చివరికి ఒక ఆదివారం నాకు సహనం పోయింది. "పేపరు లాక్కోవడం తప్ప మీరు నాకేం నేర్పుతున్నారు?" అనేశాను. ఆయన కోప్పడలేదు. కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నారు.

"పెన్ను ఆగిపోయిన పిల్లల్ని గుమ్మంలోంచే గుర్తుపట్టీవోణ్ణి. ఏటీ రానోళ్ళు ఆగరమ్మా, కిటికీలోకి చూస్తారు. ఆగిపోయీది బాగా చదివినోళ్ళే. ఒకటి తప్పిందని అక్కడే తవ్వుకుంటూ కూచుంటారు. పేజీ తిప్పీరా నాయనా అని నోటిదాకా వొచ్చీది. హాల్లో మాటాడకూడదు కదా? అందుకని వాళ్ళ బెంచీ దగ్గరకెళ్ళి దగ్గీవోణ్ణి."

"దగ్గితే?"

"ఎవలికి అర్థమవుతాది? సూపరింటెండెంటు దగ్గుబిళ్ళ తెచ్చి చేతిలో పెట్టీసాడు."

ఆంటీతో సహా ముగ్గురం పగలబడి నవ్వాం. నవ్వు తగ్గాక ఆయన నెమ్మదిగా, "ఇది నా ఇల్లు. ఇక్కడ మాటాడొచ్చు" అన్నారు. ఆ మాట అన్నప్పటి ఆయన ముఖం నాకింకా గుర్తుంది. ఏళ్ళ తరబడి మోసిన బరువు దించుకుంటున్నట్టు అనిపించింది.

తర్వాతి ఆదివారం నుంచీ నా పెన్ను ఆగిన క్షణాన వెనకనుంచి ఒకటే మాట, "తిప్పీ." తిప్పెయ్ అని. టాలీ కాని బ్యాలెన్స్ షీట్‌ను వదిలి ముందుకు పోవడమంటే నాకు పొయ్యి మీద పాలు పెట్టి వీధిలోకి వెళ్ళినట్టుండేది. మొదటిసారి పేజీ తిప్పినప్పుడు కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి. "తేడా ఎక్కడికీ పోదమ్మా, అక్కడే ఉంటాది. టైమే ఉండదు" అనేవారు. మెల్లిగా అలవాటు పడ్డాను. అన్నీ రాసి వెనక్కి వస్తే, అంతసేపు ఏడిపించిన తేడా ఒక్కోసారి ఒక్క చూపులోనే దొరుకుతుందని కూడా తెలిసింది.

నేను పాసయ్యాక నాన్న ఢిల్లీ వచ్చి ఆయనకు చేతులు జోడించారు. మాస్టారు సిగ్గుపడిపోయి, "నేనేటీ చెప్పనేదండీ, కాపలా కాసేను, అంతే" అన్నారు. నా తర్వాత పీజీలోని ఆడపిల్లలు ఒకరి వెనక ఒకరు ఆ బల్ల దగ్గర కూర్చున్నారు. పట్నా నుంచి వచ్చిన అమ్మాయికి అదే 'తిప్పీ'ని తన విజయనగరం హిందీలో "పలట్ దో బేటా" అని చెబుతుంటే విన్నాను. మార్కులూ ర్యాంకులూ ఆయన ఏనాడూ అడగలేదు. ఎవరైనా మిఠాయి తెస్తే, "ముందురోజు బాగా పడుకున్నావా?" అనేవారు. పడుకున్నానంటే అప్పుడు తినేవారు. పాపం ఆంటీకి మాత్రం ఆదివారం పప్పు యోగం పట్టనే లేదు.

కబురు విని నేను వెళ్ళేసరికి ఇంటి నిండా ఆడపిల్లలే. కొందరు ఆఫీసు బ్యాగులతో, కొందరు కోచింగు పుస్తకాలతో. "నాకు తెలీకుండా ఇంతమంది కూతుళ్ళని ఎప్పుడు పోగుచేసేరో ఈయన" అన్నారు ఆంటీ, కళ్ళు తుడుచుకుంటూనే. నేనూ ఏడ్చాను. కానీ తిరిగి వచ్చేటప్పుడు మనసు తేలిగ్గానే ఉంది. చెప్పాలనుకున్న మాట చెప్పవలసినవాళ్ళకు చెప్పి వెళ్ళారాయన. అందరికీ ఆ అదృష్టం ఉండదు.

ఇక చెప్పాల్సింది, అప్పట్లో నేను రెండోసారి పరీక్ష రాసిన రోజు సంగతి. సెంటరు నోయిడాలో పడింది. మాస్టారు తోడు వచ్చారు. అన్నేళ్ళూ హాలు లోపల నిలబడ్డ మనిషి, గేటు బయట నిలబడటం అదే మొదటిసారి. లోపల, నేను భయపడినట్టే, పెద్ద లెక్కలో రెండు మొత్తాలూ కలవలేదు. చెయ్యి ఆగిపోయింది. నాన్న అన్న 'ఏదో ఒకటి' చెవిలో వినబడింది. ఇన్విజిలేటరుగా ఉన్న ఆవిడ నా బెంచీ దాటుకుని వెళ్ళారు. ఏమీ అనలేదు, అనకూడదు కూడా. ఆ లెక్క కింద ఒక గీత గీసి పేజీ తిప్పాను. మిగతావన్నీ రాశాను. వెనక్కి వచ్చే టైము చిక్కలేదు.

బయటికి వచ్చేసరికి గేటు దగ్గర తల్లిదండ్రుల గుంపు. మాస్టారు రోడ్డుకు అవతల ఎండలో నిలబడి ఉన్నారు. నన్ను చూసి అక్కణ్ణుంచే తెలుగులో అరిచారు. "టాలీ అయిందా?"

"అవలేదు మాస్టారూ!" అని నేనూ అరిచాను. "వదిలేసి మిగతావన్నీ రాసేశాను!"

మధ్యలో బస్సులు, ఈ-రిక్షాలు, హారన్లు. వాటికి అవతల ఆ ముసలాయన మునివేళ్ళ మీద పైకి లేచి, రెండు చేతులూ ఆకాశంలోకి నిటారుగా చాచి నిలబడ్డారు. జనం తిరిగి తిరిగి చూస్తున్నారు. నేను రోడ్డు దాటి దగ్గరికి వచ్చేదాకా ఆయన ఆ చేతులు దించలేదు.